‘పుస్తకం తడిసినది’
(పాత గ్రంథాల అట్టల మధ్య ఒక గుమాస్తాకు దొరికినవి)

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాసిమ్మని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, “నేను చరిత్రకారుణ్ణి కానండీ, గుమాస్తాను” అన్నాను. “గుమాస్తా కంటికి కనబడిన చరిత్రే రాయండి” అన్నారాయన. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలు.

మాది లాలాగూడ. మా నాన్నగారు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు పెట్టిన వర్క్‌షాపు అది. నాన్నగారు నిజాం స్టేట్ రైల్వేలో చేరారు. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే అయింది. ఆయన కూర్చున్న బల్ల మారలేదు గానీ, జీతం కాగితం మీద కంపెనీ పేరు రెండుసార్లు మారింది. నేను రైల్వేకు పోక రాష్ట్ర ప్రభుత్వంలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ఫైళ్లు, రిజిస్టర్లు, రికార్డు గది, దుమ్ము – ఇవి తప్ప నాకు తెలిసిన విద్య మరొకటి లేదు.

కంటి ఆపరేషను అయిన తరువాత పుస్తకంలో చిన్న అక్షరాలు కష్టమయ్యాయి. ఒకనాటి మధ్యాహ్నం మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, “తాతయ్యా, ఇక్కడ పాత పుస్తకాలన్నీ ఉన్నాయి. అక్షరం ఎంత పెద్దది కావాలంటే అంత చేసుకోవచ్చు” అంది. ఆ మధ్యాహ్నం మొదలైన పిచ్చి ఇంకా వదలలేదు.

పది లక్షల పుస్తకాల సంకల్పం

పాత పుస్తకాలను పుటపుటా ఫొటో తీసి కంప్యూటర్లలో భద్రపరచాలన్న పెద్ద సంకల్పం వెనుక ఉన్నవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్నారు. ఆసియా వారిలో అది పొందిన మొదటివాడు ఆయనే. పది లక్షల పుస్తకాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలని ఆయన, ఆయన సహచరులు తలపెట్టిన పథకంలో భారతదేశం, చైనా పెద్ద భాగం పంచుకున్నాయి. మన దేశంలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు దాని వెబ్‌సైటును ప్రారంభించారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఇందులో ప్రధాన కేంద్రాలు. 2007 నవంబరు నాటికి అన్ని దేశాలలోనూ కలిపి పదిహేను లక్షల పుస్తకాలు పూర్తయ్యాయని ప్రకటించారు.

పని జరిగే తీరు మన జిరాక్సు యంత్రం వంటిది కాదు. పుస్తకాన్ని బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. కాబట్టి వెల్లకిలా పరచి పైనుంచి ఫొటో తీస్తారు. ఒక మనిషి పక్కనుండి పుట తిప్పుతూ ఉంటాడు. అందువల్ల అక్కడక్కడ పుట అంచున ఒక బొటనవేలు పడుతుంది. మొదట చూసినప్పుడు చిరాకుపడ్డాను. తరువాత ఆలోచిస్తే, రోజుకు ఎన్ని వందల పుటలు తిప్పిన వేలో అది! ఏ అట్ట మీదా ఆ మనిషి పేరు లేదు. డిస్పాచ్ సెక్షన్లో తపాలా బిళ్లలు అంటించినవాడి పేరు ఎవరు రాసిపెట్టారు గనుక?

2017 ప్రాంతాన ఆ వెబ్‌సైటు మూతపడింది. అయితే అప్పటికే కార్ల్ మలముద్ అనే అమెరికన్, ఇతర పుస్తకప్రియులు పూనుకుని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయానికి చేర్చారు. నేను చూస్తున్నవి అక్కడివే.

అట్ట లోపలి రిమార్కులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మా ఇంటికి నడిచిపోయే దూరంలోనే ఉంది. అక్కడి పుస్తకాలు వేలకొద్దీ ఈ పథకంలో ఫొటో తీశారు. వాటిని తెరిస్తే మొదట ‘యూనివర్సల్ లైబ్రరీ’ అని, ‘ఓయు’ అనే అక్షరాల పక్కన ఒక సంఖ్య కనబడుతుంది. అంతకంటే ముందు, చాలా పుస్తకాలకు, పెద్ద అక్షరాలతో ఒక రిమార్కు ఉంటుంది. ‘ది బుక్ వాజ్ డ్రెంచ్‌డ్’ – అంటే పుస్తకం తడిసినది. కొన్నింటికి ‘టైట్ బైండింగ్ బుక్’. కొన్నింటికి ‘బ్రౌన్ బుక్’ – కాగితం రంగు తిరిగిందని. కొన్నింటికి ‘పేజెస్ మిస్సింగ్ వితిన్ ది బుక్ ఓన్లీ’. మరికొన్నింటికి ‘టెక్స్ట్ ఫ్లై వితిన్ ది బుక్ ఓన్లీ’. ఈ చివరిదాని అర్థం నాకు నేటికీ బోధపడలేదు. అక్షరాలు ఎగిరిపోయాయనా? ఎగిరినా పుస్తకం లోపలే ఎగిరాయనా?

మా మనవరాలు ఆ ఇంగ్లీషు చూసి నవ్వింది. నాకు మాత్రం ఆ రాసినవాడు అయినవాడిలా కనిపించాడు. ఫైలు చేతికొచ్చినప్పుడు ఏది ఏ స్థితిలో వచ్చిందో నోట్ షీటు మీద రాసిపెట్టడం గుమాస్తా ధర్మం. ‘జతపరచిన కాగితాలు మూడు అని ఉంది, రెండే అందాయి’ అని ఇన్‌వర్డులో రాసుకోకపోతే, పోయిన ఆ మూడో కాగితం రేపు మన మెడకు చుట్టుకుంటుంది. పుస్తకం తడిసింది, తడిపింది నేను కాదు. పుటలు లేవు, చింపింది నేను కాదు – అని ఎవరో చెప్పుకున్నాడు. భాష ఎలా ఉంటేనేం, నిజం రాశాడు.

పుస్తకాలు ఎక్కడ తడిశాయి? మూసీ వరద 1908 సెప్టెంబరులో వచ్చింది, ఈ పుస్తకాల్లో చాలావరకు ఆ తరువాత అచ్చయినవే. వానాకాలం కప్పు కారడం మనలో చూడనివారెవరు? ఇక మన కళ్ల ముందే, 2000 ఆగస్టులో నగరాన్ని ముంచిన వానలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీరు చొచ్చుకొచ్చి, అక్కడి అరుదైన ఉర్దూ పుస్తకాల భాండాగారం తడిసిపోయింది. ఎందరో కష్టపడి వాటిని ఆరబెట్టి, వీలైనన్ని బతికించారు. ఆ తడిసిన ఇళ్లలో, తడిసిన అలమరాల్లో ఏమేం పోయాయో జాబితా కూడా లేని పుస్తకాలు ఎన్నో. ‘పుస్తకం తడిసినది’ అన్న రిమార్కు ఉన్నదంటే, ఆ పుస్తకం బతికిందని అర్థం.

ముద్రలు, వెలలు, ప్రకటనలు

పుస్తకంలోని విషయం పండితులు చూసుకుంటారు. నేను ముందు చూసేది ముద్రలు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో పుట్టినప్పుడు ఆసఫియా గ్రంథాలయం. 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది, తరువాత పేరు మారింది. అక్కడినుంచి వచ్చిన ఒకే పుస్తకం మీద రెండు కాలాల ముద్రలు, రెండు మూడు లిపులు చూశాను. మా నాన్నగారి జీతం కాగితం గుర్తుకొచ్చింది.

తరువాత చూసేది వెల. మన తరం అణాలు చూసింది గాని, 1957లో నయాపైసలు వచ్చాక లెక్క మరచిపోయింది. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, దాన్ని హాలీ అనేవారు. బ్రిటిషు రూపాయి కల్దారు. ఒక పుస్తకం చివర అట్టమీద వెల పక్కన ఎవరో సిరాతో ‘కల్దారు’ అని రాసుకున్నారు. కొన్నవాడు ఏ రూపాయి ఇచ్చాడో మరచిపోకూడదనుకున్నాడు కాబోలు. ఒక రాజ్యం ఆర్థిక చరిత్ర ఆ ఒక్క మాటలో ఉంది.

పాత పత్రికలలో ప్రకటనలు మరో లోకం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, కేసరి కుటీరంవారి లోధ్ర – వీటి ప్రకటనలు లేని సంచిక అరుదు. అమృతాంజనం అమ్మిన సొమ్ము ఆంధ్రపత్రికను నడిపింది. తలనొప్పి మందు తెలుగు పాఠకుడికి వార్తాపత్రిక ఇచ్చింది అని నేను అంటే మా ఆవిడ, “అందుకేనా పేపరు చదవగానే మీకు తలనొప్పి!” అంది.

విషయంలోకీ కొంచెం తొంగిచూశాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుంచి కాశీకి పోతూ మన హైదరాబాదు మీదుగా వెళ్లారు. దారి పొడుగునా రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది, 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మళ్లీ పరిష్కరించి వేయించారు. సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. అంటే రైలు కూత వినడానికి నలభై నాలుగేళ్ల ముందు ఈ నేల మీదుగా ఒక తెలుగువాడు నడిపించిన మజిలీల లెక్క అది. అలాగే సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ కవుల సంచిక. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే, కోపగించుకుని ఊరుకోకుండా, 354 మంది కవులను పోగుచేసి 1934లో అచ్చు వేశారు. విమర్శకు జాబితాతో జవాబివ్వడం! ఇంతకంటే మంచి కార్యాలయ పద్ధతి నేను ఎరుగను.

నల్లబడిన ముఖాలు

బొమ్మల సంగతి మాత్రం బాధ కలిగిస్తుంది. పాత పుస్తకాలలో ఫొటోల మీద పల్చని కాగితం వేసేవారు. ఫొటో తీసినవారు ఆ పల్చని కాగితంతో ఒకసారి, అది తొలగించి ఒకసారి తీసినచోట, మొదట మంచులోంచి చూసినట్టు, తరువాత స్పష్టంగా ముఖం కనబడుతుంది. కాని మన పుస్తకాలలో అధిక భాగం తెలుపు, నలుపు అనే రెండే రంగుల్లో తీశారు. మధ్య ఛాయలు లేవు. అక్షరానికి అది చాలు. ఫొటోకు చాలదు. కవిగారి చిత్రం ఉండవలసినచోట బొగ్గుతో అద్దిన మచ్చ ఉంటుంది. కింద పేరు చక్కగా చదవవచ్చు, పైన మనిషి లేడు.

దీనికి భిన్నంగా, 1898లో ఎ. క్లాడ్ క్యాంప్‌బెల్ అనే ఆయన నిజాం రాజ్యం గురించి ఫొటోలతో వేసిన ‘గ్లింప్సెస్ ఆఫ్ ది నిజామ్స్ డొమినియన్స్’ వంటి పుస్తకాలు ఛాయలతో సహా దొరికినప్పుడు ప్రాణం లేచివస్తుంది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీవారు 2013 డిసెంబరులో, 65 వేల పాత సంపుటాలలోని పది లక్షలకు పైగా బొమ్మలను విడిగా తీసి అందరికీ ఉచితంగా పెట్టారు. ఏ బొమ్మలో ఏముందో తమకు పూర్తిగా తెలియదని ఒప్పుకుని, తెలిసినవారు చెప్పండని లోకాన్ని అడిగారు. అంతటి గ్రంథాలయం అలా అడిగితే చిన్నతనం కానప్పుడు, మనం అడగడానికి సిగ్గెందుకు?

నేను రాసిన ఒక మాట

ఇక్కడిదాకా వినోదం. ఇకపైన చెప్పేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1980లలో నేను ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. పేరు అనవసరం. కొత్త టేబుళ్లకు చోటు కావాలని ఒక పాత గది ఖాళీ చేయించారు. అందులో నిజాం కాలపు నివేదికలు, పుస్తకాలు గుట్టగా ఉన్నాయి. జాబితా తయారుచేసి, దేనికది రిమార్కు రాసే పని నాకు అప్పగించారు. మనకు తెలిసిన విభజనే కదా – శాశ్వతంగా ఉంచవలసినవి ఆర్.డిస్., పదేళ్లు ఉంచి తీసివేసేవి డి.డిస్., తొందరగా పోయేవి ఎల్.డిస్. పుస్తకాలకు అదేమీ లేదు. పై అధికారి, “పనికొచ్చేవా, రానివా, అంతే రాయండి” అన్నారు.

ఒక రైల్వే నివేదిక చేతికొచ్చింది. అట్ట లేదు, చెదలు ఒక మూల తిన్నాయి. లోపల మడతపెట్టిన పటం ఒకటి. బల్లమీద విప్పాను. సికింద్రాబాదు, పట్టాలు, చిన్న అక్షరాలతో మా లాలాగూడ. వర్క్‌షాపు గదులు నల్లటి గడులుగా గీసి ఉన్నాయి. వాటి వెనుక ఒక చిన్న సున్న, పక్కన బావి అని ఇంగ్లీషులో ఉంది.

మా నాన్నగారు ఆ బావి గురించి చెప్పేవారు. షిఫ్టు దిగాక నూనె చేతులు అక్కడే కడుక్కునేవారట, తరువాత పూడ్చేశారట. అది ఎక్కడుండేదో ఆయన చెప్పే గుర్తులు మాకు అర్థమయ్యేవి కావు. చుట్టూ కట్టడాలన్నీ మారిపోయాయి. ఆ పటం చూడగానే ఆయనకు చూపించాలనిపించింది. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. ఆఫీసు కాగితం ఇంటికి తీసుకుపోకూడదు, అది నియమం. నకలు గీసుకోవచ్చు, అది నియమానికి విరుద్ధం కాదు. పది నిమిషాల పని. కాని సాయంత్రానికి జాబితా ఇవ్వాలి. పటం మడిచాను. ఎదురుగా ఉన్న గడిలో ‘నిరుపయోగం’ అని రాశాను.

ఆ గుట్ట తూకానికి పోయింది. నాన్నగారు మరి కొన్నేళ్లకు పోయారు.

గత ఏడాది, అలాగే వెతుకుతూ ఉండగా ఒక పాత రైల్వే నివేదిక తెరమీదకు వచ్చింది. అదే సంవత్సరందని ప్రమాణం చేయలేను. అదే వరుస, అదే అచ్చు, అంకెల పట్టికలు అవే తీరు. గుండె దడదడలాడుతుంటే పుటలు తిప్పాను. చివరికి పటం వచ్చింది. మడతపెట్టి ఉంది. ఫొటో తీసినవాడికి దాన్ని విప్పే వ్యవధి లేదు. మడత మీది పావు భాగం, ఒక అంచున బొటనవేలు. అంతే. అక్షరాన్ని ఎంత పెద్దది చేసినా మడత లోపలిది కనబడదు.

ఆ వేలిమీద కోపం రాలేదు. అతనికీ సాయంత్రానికి ఏదో లెక్క ఒప్పజెప్పాల్సి ఉండి ఉంటుంది. అతను విప్పలేదు, నేను విప్పి చూసి కూడా మడిచాను. మూలం ఎక్కడో ఒకచోట ఉంటే రేపు మరొకరు విప్పి మళ్లీ తీయవచ్చు. మూలాన్ని తూకానికి వేస్తే, నకలులోని పొరపాటే చివరి మాటగా మిగిలిపోతుంది. కంప్యూటరులో ఎక్కించేశాం కాబట్టి పుస్తకాలు ఇక ఎందుకు అనేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. వారికి ఈ పటం సంగతి చెబుతున్నాను.

సభ్యులకు మనవి

మనం చేయగలిగినవి మూడు కనిపిస్తున్నాయి.

ఒకటి: ఈ పుస్తకాల పేర్లు ఎక్కించినప్పుడు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో తలా ఒక తీరుగా రాశారు. ‘ఆంధ్ర’ అన్న మాటకే నాలుగైదు రూపాలు చూశాను. రిజిస్టరులో పేరు తప్పుపడిన ఫైలు ఉన్నా లేనట్టే అని మనకు తెలుసు కదా. తెలుగు వికీపీడియా, వికీసోర్సు పిల్లలు ఈ జాబితాలు తీసుకుని ఉచితంగా సరిదిద్దుతున్నారు. రోజుకు ఒక గంట వారికి సాయం చేయడానికి మనకంటే తీరిక ఎవరికుంది? రిజిస్టరు సరిచూడడం మన వృత్తి.

రెండు: మనలో ఉర్దూ బడిలో చదివినవారు, పాత ఫర్మానాలు, చేతిరాత ఉర్దూ చదవగలిగినవారు ఇంకా కొందరున్నారు. వారు పోతే ఆ కాగితాలు ఉన్నా చదివేవారుండరు. ముద్రల మీద, అట్టల మీద ఉన్నదేమిటో చదివి చెబితే చాలు, పక్కన పిల్లలు రాసుకుంటారు. ఈ పనికి గడువుంది, దాన్ని పొడిగించే అధికారం మనకు లేదు.

మూడు: ఇంట్లో తాతల నాటి పుస్తకం, పాత పంచాంగం, ఉగాది సంచిక, ఫొటో ఏదున్నా పాత పేపర్లతో పాటు తూకానికి వేయకండి. చెదలు తిన్నా సరే, అట్ట లేకపోయినా సరే. దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా సంఘం కార్యాలయానికి తెండి. లోపల మడతపెట్టిన కాగితం ఉంటే ఒకసారి విప్పి చూడండి. విప్పాక, వెంటనే మడవకండి.

ఇప్పుడు వర్క్‌షాపు వైపు సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు, ఆ గోడ అవతల బావి ఎక్కడుండేదా అని చూస్తుంటాను. పటంలో చూసిన సున్న లీలగా గుర్తుంది. ఒకనాడు ఇంటికి వచ్చి, గుర్తున్నంతవరకు తెల్లకాగితం మీద గీశాను. పట్టాలు, నల్ల గడులు, వెనుక సున్న. కొలతలు సరిగ్గా ఉండవు. కింద తేదీ వేసి, ‘జ్ఞాపకం నుంచి గీసినది, మూలం లేదు’ అని రాసి సంతకం చేశాను. మనవరాలు దాన్ని ఫొటో తీసి దాచింది. అసలు కాగితాన్ని నేను ఒక అట్టలో పెట్టి, పైన ఆర్.డిస్. అని రాసుకున్నాను.

తప్పులుంటే పెద్దలు సరిదిద్ద ప్రార్థన. సెలవు.